బీకాం చదివి వెబ్ డెవలపర్ కావాలంటే అమీర్‌పేట కోర్సులో చేరాలా, ఇంట్లోనే నేర్చుకోవచ్చా?

నేను రెండూ చేశాను, అదీ తప్పు వరసలో.

2018లో మెకానికల్ బీటెక్ అయ్యాక ఒంగోలు నుంచి అమీర్‌పేట వచ్చాను. మైత్రీవనం దగ్గర కరపత్రాలు పంచేవాళ్లను తప్పించుకుని నడవడమే ఒక విద్య. ఎస్‌ఆర్ నగర్‌లో గదికి నలుగురుండే హాస్టల్, ‘ఫుల్ స్టాక్ జావా’ అని, అంటే కనిపించే పేజీ, దాని వెనక నడిచే సర్వర్ రెండూ నేర్పే నాలుగు నెలల కోర్సు. సర్వర్ వైపు కోర్ జావా, జేఎస్‌పీ, స్ప్రింగ్ అయ్యాక ఆఖరి రెండు వారాల్లో పేజీ తయారీకి వాడే హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్, యాంగులర్ అన్నీ కుక్కేశారు. నోట్సు మాత్రం శ్రద్ధగా రాసుకున్నాను.

మొదటి ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్న: ఫామ్‌లో బటన్ నొక్కగానే పేజీ మళ్లీ లోడ్ అవుతోంది, ఎందుకు? ప్రివెంట్ డిఫాల్ట్ (బ్రౌజర్ తనంతట తాను చేసే పనిని ఆపే ఆదేశం) రాయాలని చెప్పాను, నోట్సులో ఉంది. ఎందుకు రాయాలంటే నోరు పెగల్లేదు. ఫామ్ లోపలి బటన్‌కు టైపు చెప్పకపోతే బ్రౌజర్ దాన్ని సబ్మిట్ బటన్‌గా లెక్కేస్తుంది, వివరాలు సర్వర్‌కు పంపేసి పేజీ మళ్లీ తెచ్చుకుంటుంది. ఇది హాస్టల్‌కు తిరిగొచ్చాక వెబ్ టెక్నాలజీల వివరాలుండే ఎండీఎన్ సైట్‌లో చదివి తెలుసుకున్నాను. ఉచితంగా దొరికే పేజీ అది.

డబ్బులైపోయి ఊరెళ్లిపోయాను. అక్కడ మా బాబాయికి ఎరువుల కొట్టుంది. రైతులు పంట చేతికొచ్చేదాకా ఉద్దెర తీసుకుంటారు. ఆన్‌లైన్‌లో ఫ్రీకోడ్‌క్యాంప్ పాఠాలు చేసుకుంటూనే ఆ ఖాతా కోసం ఒక పేజీ రాశాను. ఫ్రేమ్‌వర్క్ (ముందే రాసిపెట్టిన కోడ్ చట్రం) ఏం లేదు, ఉత్త జావాస్క్రిప్ట్. లెక్కలన్నీ బ్రౌజర్ లోకల్ స్టోరేజీలో, అంటే ఆ కంప్యూటర్‌లోని బ్రౌజర్‌లోనే దాచాను. మూడు వారాలు బ్రహ్మాండంగా నడిచింది. ఒకరోజు మా తమ్ముడు కంప్యూటర్ మెల్లగా ఉందని బ్రౌజర్ డేటా మొత్తం తుడిచేశాడు. ఖాతా ఖాళీ! బాబాయి పాత పుస్తకంలో కూడా రాస్తూ వచ్చాడు కాబట్టి బతికిపోయాను. (నన్ను నమ్మలేదన్నమాట, మంచి పని చేశాడు.)

సర్వర్ ఎందుకో, డేటాబేస్ ఎందుకో ఆ సాయంత్రం తెలిసొచ్చింది. సర్వర్ కోసం నోడ్, డేటాబేస్ కోసం పోస్ట్‌గ్రెస్ ఆ అవసరం కొద్దీ నేర్చుకున్నవే. కొట్టులో గుమాస్తా కూడా ఎంట్రీలు వేస్తానంటే లాగిన్ పెట్టాల్సొచ్చింది. ఏడాది తర్వాత మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీ ఇంటర్వ్యూలో అరగంట సేపు ఆ ఖాతా గురించే మాట్లాడుకున్నాం. సర్టిఫికెట్ ఊసే రాలేదు.

అందుకని మీరైతే మొదటి మూడు నాలుగు నెలలు ఇంట్లోనే కూర్చుని హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్, గిట్ (కోడ్‌లో చేసిన మార్పులన్నీ గుర్తుపెట్టుకునే సాధనం) చెయ్యండి. ఫ్రీకోడ్‌క్యాంప్ గానీ, ఓడిన్ ప్రాజెక్ట్ గానీ ఏదో ఒక్కటే పట్టుకోండి. రెండూ ఉచితమే. నాకైతే ఓడిన్ ప్రాజెక్టే నచ్చింది, చెయ్యి పట్టుకుని నడిపించదు. పేజీలు కట్టడానికి వాడే జావాస్క్రిప్ట్ లైబ్రరీ రియాక్ట్ ఆ తర్వాత. దాని కోసం హెల్సింకి విశ్వవిద్యాలయం వాళ్ల ఫుల్ స్టాక్ ఓపెన్ అనే ఆన్‌లైన్ కోర్సు ఉంది, అదీ ఉచితమే, కానీ కొత్తవాళ్లకు మింగుడుపడదు.

బీకాం అని చిన్నబోకండి. జీఎస్టీ బిల్లు ఎలా ఉండాలో మీకు తెలుసు, నాకు బాబాయిని అడిగితే గానీ తెలియలేదు. తెలిసిన కొట్టుకు ఒక బిల్లింగ్ పేజీ చేసిపెట్టండి. లేని అనుభవం రెజ్యూమెలో పెట్టిస్తామని ఎవరైనా డబ్బడిగితే మాత్రం అక్కడి నుంచి లేచొచ్చేయండి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికిపోయి, చేరిన ఉద్యోగం పోగొట్టుకున్న హాస్టల్ మిత్రుడు నాకున్నాడు.

జావా, స్ప్రింగ్ బూట్ ఉద్యోగాలే కావాలనుకుంటే అప్పుడు అమీర్‌పేట రండి. డెమో క్లాసులకు మామూలుగా డబ్బు తీసుకోరు. రెండు మూడు చోట్ల కూర్చుని, మధ్యలో ప్రశ్న అడిగితే సారు విసుక్కుంటున్నాడో లేదో చూసి ఫీజు కట్టండి.