ఏటీవీకి ఇన్సూరెన్స్ ఎంతవుతుంది? ముందు కాగితాల్లో అది ఏ బండో తేల్చుకోండి

అన్నా, మీరు అడిగింది ఇదీ: గండికోట దారిలో మీ పొలంలో నాలుగు గదులు కట్టారు, వచ్చినవాళ్లు తిరగడానికి రెండు ఏటీవీలు (బైకు హ్యాండిల్‌తో మట్టిదారుల్లో తిరిగే నాలుగు చక్రాల బండ్లు) కొందామనుకుంటున్నారు, ఒక్కో బండికి ఏడాదికి ఇన్సూరెన్స్ ఎంత పడుతుందని. మేము తాడిపత్రి దగ్గర చీనీ తోట పనికి మొదట ఒక ఏటీవీ తెచ్చుకున్నాం. తర్వాత మా బావమరిదితో కలిసి చిన్న ట్రాక్ వేశాను. అందుకని సొంత వాడకానికీ, డబ్బులు తీసుకుని తిప్పడానికీ రెండింటికీ ఇన్సూరెన్స్ ఆఫీసుల చుట్టూ తిరిగినవాణ్ణే.

కారైతే లెక్క తేలిక. థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల అవతలివాళ్లకు జరిగే నష్టానికి చేసే ఇన్సూరెన్స్ రేటు ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన పట్టికలో 1000 సీసీ లోపు సొంత కారుకు 2,094 రూపాయలు, 1500 సీసీ లోపైతే 3,416, ఆపైన 7,897. దాని మీద 18 శాతం జీఎస్టీ. బైకులకు కూడా ఇలాగే సీసీని బట్టి ఉంటుంది. ఏటీవీకి మాత్రం ఆ పట్టికలో విడిగా వరసే లేదు. హ్యాండిల్ బైకులా ఉంది కదా అని బైకు రేటు పడదు, నాలుగు చక్రాలున్నాయని కారు రేటూ పడదు. నేను మొదట ఫోన్ చేసిన ఏజెంట్ "ఆర్‌సీ ఫొటో పంపండి సార్" అన్నాడు. ఆర్‌సీ లేదనగానే అవతల మాట లేదు.

కాబట్టి షోరూమ్‌లో ధర అడిగేముందే ఒక మాట అడగండి: "ఫారం 21, ఫారం 22 ఇస్తారా?" మొదటిది అమ్మకం సర్టిఫికెట్, రెండోది బండి రోడ్డుకు పనికొస్తుందని తయారీదారు ఇచ్చేది. ఈ రెండూ లేకుండా ఆర్టీవో ఆఫీసులో రిజిస్ట్రేషన్ కాదు. మన దగ్గర అమ్మే ఏటీవీల్లో చాలావాటికి ఇవి ఉండవు. పొలారిస్ కంపెనీ ఒక మోడల్‌ను ట్రాక్టర్‌గా రిజిస్టర్ అయ్యేలా తెచ్చింది గానీ, అలాంటివి అరుదు.

రిజిస్ట్రేషన్ ఉన్న బండైతే మామూలు మోటారు పాలసీ దొరుకుతుంది. అందులో సొంత డ్యామేజీ భాగం ఐడీవీ, అంటే పాలసీలో బండికి కట్టే విలువ మీద నడుస్తుంది. బండి వయసు ఏడాది దాటితే 20 శాతం, రెండేళ్లు దాటితే 30 శాతం విలువ తగ్గించి లెక్క కడతారు. ఏటీవీలో గమనించాల్సింది ప్లాస్టిక్. మడ్‌గార్డులు, ముందు కవర్లు, పక్క ప్యానెళ్లు అన్నీ అదే. జీరో డిప్రిసియేషన్ (భాగాల అరుగుదల కోత లేకుండా ఇచ్చే కవర్) లేని పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు, టైర్లు, బ్యాటరీలకు సగమే ఇస్తారు. బోల్తా కొడితే ముందు విరిగేవి కూడా అవే. ఇక మీలాంటివాళ్లకు అసలు చిక్కు ఇంకొకటుంది: సొంత వాడకానికి ఇచ్చిన పాలసీలో అద్దెకు తిప్పడం, రేసులు చెల్లవని రాసే ఉంటుంది. టికెట్ తీసుకుని తిప్పుతున్నప్పుడు జరిగిన ప్రమాదానికి ఆ పాలసీ చూపిస్తే తిరస్కరిస్తారు. చవగ్గా వచ్చిందని దాన్ని తీసుకోవద్దు.

రిజిస్ట్రేషన్ లేని బండైతే డీలర్ ఏమంటాడంటే, "మీ స్థలంలోనే కదా సార్, ఇన్సూరెన్స్ అక్కర్లేదు." మోటారు వాహనాల చట్టంలో దీనికి కొంత ఆధారం ఉన్న మాట నిజమే. ఫ్యాక్టరీలోనో, మూసి ఉన్న ఆవరణలోనో మాత్రమే నడిపేలా ప్రత్యేకంగా చేసిన వాహనాన్ని మోటారు వాహనం అన్న నిర్వచనం నుంచి తప్పించారు. కానీ అదే చట్టంలో పబ్లిక్ ప్లేస్ అంటే రోడ్డు ఒక్కటే కాదు, జనానికి వచ్చే హక్కున్న ఏ చోటైనా వస్తుంది. టికెట్ కొన్న ప్రతివాడూ లోపలికి రాగలిగితే అది మా సొంత పెరడు అన్న వాదన నిలుస్తుందని నేనైతే పందెం కట్టను. ఇక పెట్రోలు కోసం ఊళ్లోకి ఒక్కసారి తీసుకెళ్లినా అది రోడ్డే. ఇన్సూరెన్స్ లేకుండా దొరికితే మొదటిసారి 2,000 జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. అది చిన్న విషయం. ఎవరికైనా తగిలితే ట్రిబ్యునల్ వేసే పరిహారం మొత్తం మీ నెత్తిన పడుతుంది. బండిని ఎక్కడికి తీసుకెళ్లాలన్నా టాటా ఏస్‌లో ఎక్కించండి.

అలాంటి బండికి డ్యామేజీ కవర్ కావాలంటే మాకు ఒక ఆఫీసులో చూపించిన దారి జేసీబీల్లాంటి యంత్రాలకు చేసే పాలసీ, కాంట్రాక్టర్స్ ప్లాంట్ అండ్ మెషినరీ అంటారు. అందరూ ఒప్పుకోరు, నాలుగు చోట్ల అడగాలి. ఇందులో ఒక మెలిక ఉంది. బండిని ఈరోజు కొత్తగా కొంటే అయ్యే ధర మీద ఇన్సూర్ చేయాలి, రవాణా, కస్టమ్స్ సుంకంతో సహా. ప్రీమియం తగ్గుతుందని 3 లక్షల బండికి 2 లక్షలే రాయిస్తే, 60 వేల డ్యామేజీకి 40 వేలే లెక్కకొస్తాయి. ఇంజిన్ తనంతట తాను చెడిపోతే దానికి రాదు. మా వైపు నాపరాళ్ల దుమ్ముకు ఎయిర్ ఫిల్టర్ తొందరగా మూసుకుపోతుంది, మీ రేగడిలో వానాకాలం బురద వంతు. సర్వీసు ఖర్చు విడిగా వేసుకోవాల్సిందే.

ఇంతవరకూ చెప్పింది బండి సంగతి. నిజం చెప్పాలంటే మీ వ్యాపారానికి అది రెండో సంగతి. రెండు బండ్లూ తుక్కయినా ఒక పంట పోయిందనుకుంటారు. ఎక్కినవాడి నడుము విరిగితే గదులు కూడా అమ్ముకోవాలి. కాబట్టి ఎక్కువ డబ్బు పబ్లిక్ లయబిలిటీ పాలసీకి, అంటే మీ దగ్గరికి వచ్చినవాళ్లకు దెబ్బ తగిలితే మీరు కట్టాల్సిన పరిహారానికి చేసే పాలసీకి పెట్టండి. ఇక్కడ జాగ్రత్త: 1991 నాటి పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం కింద ఇచ్చే పాలసీ ఒకటుంది. అది రసాయనాల్లాంటి ప్రమాదకర పదార్థాలు వాడే ఫ్యాక్టరీలకు. పేరు అదే కదా అని అంటగడితే మీకు కాణీ ఉపయోగం లేదు.

మీకు కావాల్సిన మామూలు పబ్లిక్ లయబిలిటీ పాలసీ ధర మూడింటిని బట్టి కదులుతుంది: ఎంత మొత్తానికి కవర్, మీ ఏడాది ఆదాయం ఎంత, ఏయే పనులు చేస్తున్నారు. మూడోది దాచాలనిపిస్తుంది. మాకు ఉత్త విడిది అని చెప్పినప్పుడు ఇచ్చిన కోట్ (ప్రీమియం అంచనా), ఏటీవీ రైడ్ అని రాయించగానే దాదాపు రెట్టింపయింది. అయినా రాయించాం. ఆ మాట కాగితం మీద లేకపోతే స్నానాల గదిలో జారిపడ్డవాడికి వస్తుందేమో గానీ, ట్రాక్ మీద పడ్డవాడికి రాదు. స్థలం కూడా రాస్తారు కాబట్టి లోయ అంచు చూపిస్తామని బయటికి తీసుకెళ్తే కవర్ అక్కడితో ఆగిపోతుంది. కోట ఎలాగూ పురావస్తు శాఖ రక్షణలో ఉంది, అటు బండ్ల ఆలోచనే వద్దు.

ఈ పాలసీ మీ తప్పు ఉన్నప్పుడే పలుకుతుంది. ఎక్కినవాడు తన తప్పుతోనే పడితే వాడికోసం గ్రూప్ పర్సనల్ యాక్సిడెంట్ (తప్పు ఎవరిదైనా ప్రమాదానికి డబ్బులిచ్చే) పాలసీ వేరుగా తీసుకోవచ్చు. మీ దగ్గర పనిచేసే కుర్రాళ్లు దేనిలోనూ రారు, వాళ్లకు ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ పాలసీ ఉండాలి. "నా పూచీ నాదే" అని సంతకం పెట్టించుకునే కాగితం ఉంచుకోండి, తప్పు లేదు, కానీ దాన్ని నమ్ముకుని పాలసీ మానేయొద్దు.

బండి మీద ఉన్న స్టిక్కర్లు చదవండి. పెద్ద ఏటీవీల మీద 16 ఏళ్ల లోపువాళ్లు నడపకూడదని, చాలావాటి మీద రెండో మనిషి ఎక్కకూడదని ఉంటుంది. మన దగ్గర వెనకాల ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టి పిల్లలకు హ్యాండిల్ ఇవ్వడం మామూలైపోయింది. ఒంటి మనిషి కోసం చేసిన బండి అది, వెనక బరువు పడితే గట్టు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేస్తాయి. క్లెయిమ్ చూడ్డానికి వచ్చిన సర్వేయర్ మొదట ఫొటో తీసుకునేది ఆ స్టిక్కర్నే.

కోట్ అడిగేటప్పుడు ఒక్క ప్రమాదానికి ఎంత, ఏడాది మొత్తానికి ఎంత అని రెండు పరిమితులూ విడిగా రాయించుకోండి. ఆఫీసులో వాటిని ఏఓఏ, ఏఓవై అంటారు. ఆ రెండూ సమానంగా ఉంటే ఏడాదిలో మొదటి పెద్ద క్లెయిమ్‌కే పాలసీ ఖాళీ అవుతుంది. ప్రీమియం అంచనాలు చేతికొచ్చాక ఆ అంకెలు చెప్పండి అన్నా, ఏది తీసుకోవచ్చో చూద్దాం.