నాన్న కొట్టిన పురుగుమందు సరే, మీరు వేయించుకుంటున్న ఇంజెక్షన్ సంగతేంటి?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. పెళ్లయి నాలుగేళ్లయింది, పిల్లల్లేరు. మాది గుంటూరు దగ్గర పల్లె, మిర్చి వేస్తాం. మా నాన్న పాతికేళ్లుగా పురుగుమందు కొడుతున్నారు, చిన్నప్పుడు నేనూ వెంట వెళ్లేవాణ్ణి. టెస్టు చేయిస్తే వీర్యకణాలు మిల్లీలీటరుకు 40 లక్షలే ఉన్నాయన్నారు. ఆ మందుల ప్రభావం నాన్న నుంచి నాకొచ్చిందా? నాకు కొడుకు పుడితే వాడికీ వస్తుందా? నాకు చెడు అలవాట్లు లేవు, జిమ్‌లో ఫ్రెండ్ చెప్పాడని ఏడాదిగా పవర్ ఇంజెక్షన్లు మాత్రం తీసుకుంటున్నాను.

జవాబు: మీరు చివర్లో 'మాత్రం' అని తేలిగ్గా రాసిన ముక్క దగ్గరే నేను ఆగిపోయాను. అవి టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ ఇంజెక్షన్లే అయితే, బయటి నుంచి హార్మోన్ వస్తోంది కదా అని మెదడు వృషణాలకు సిగ్నల్ పంపడం ఆపేస్తుంది, కణాల తయారీ పడిపోతుంది, కొందరిలో పూర్తిగా సున్నా అవుతుంది. కండలు పెరుగుతుంటే మగతనం పెరుగుతోందనుకుంటారు, లోపల జరిగేది వేరు. వెంటనే ఆపండి. చాలామందిలో ఆరు నెలల నుంచి ఏడాదిలో కోలుకుంటుంది, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది, అందరికీ పూర్తిగా వస్తుందని మాటివ్వలేను. ఈ లోపం పోవడానికి అదే ఫ్రెండ్ ఇంకో ఇంజెక్షన్ చెప్తాడు, దయచేసి అదొద్దు.

ఇక నాన్నగారి సంగతి. మీ భయం ఉత్తిదేం కాదు. 1977లో కాలిఫోర్నియాలో డీబీసీపీ అనే నులిపురుగుల మందు తయారుచేసే ఫ్యాక్టరీ కార్మికుల్లో కణాలు బాగా తగ్గిపోయాయి, కొందరిలో అసలు లేవు. అది వాళ్ల ఒంటికి నేరుగా తగిలిన దెబ్బ. తరాల మాటకొస్తే, 2005లో అమెరికాలో విన్‌క్లోజొలిన్ అనే తెగుళ్ల మందు చూలు ఎలుకలకు ఇస్తే నాలుగో తరం మగ ఎలుకల్లోనూ లోపం కనిపించింది. కానీ ఇచ్చింది పెద్ద డోసు, అదీ తల్లికి. ఇటలీలోని సెవెసోలో 1976లో డయాక్సిన్ అనే విషరసాయనం లీకైనప్పుడు చిన్న వయసులో దాని బారిన పడ్డ అబ్బాయిల్లో పెద్దయ్యాక కణాలు తక్కువ వచ్చాయి, అప్పటికే పెద్దవాళ్లైన మగవాళ్లలో ఆ తేడా కనపడలేదు. అంటే నాన్న కొట్టిన మందు కంటే మీరు పసివయసులో చేలో పీల్చింది నాకు ముఖ్యం. తండ్రి నుంచి కొడుక్కి, వాడి నుంచి మనవడికి వస్తుందని మనుషుల్లో తేలలేదు, రాదనీ రాసివ్వలేను.

మీ మనవాళ్లు నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదుతారు, డ్రమ్ములో చేత్తో కలుపుతారు, ఆ లుంగీతోనే ఇంటికొచ్చి పిల్లల్ని ఎత్తుకుంటారు. ఇప్పుడు ఆపగలిగేది అదే. నాన్నగారికి చెప్పండి.

కొడుక్కి రావడం గురించి అడిగారు కాబట్టి చెప్తున్నా. కౌంట్ 50 లక్షల లోపున్నప్పుడు మేం జన్యు పరీక్షలు కూడా చేయిస్తాం. వై క్రోమోజోమ్‌లో చిన్న ముక్క లోపించి ఉంటే, ఇక్సీ పద్ధతిలో (ఒక్క వీర్యకణాన్ని సూదితో అండంలోకి ఎక్కించడం) పుట్టిన కొడుక్కి అది అలాగే వెళ్తుంది. అయితే మీకు ముందు ఇంజెక్షన్లు ఆపి చూడాలి. ఒక్క రిపోర్టుతో ఏదీ తేల్చరు. డబ్ల్యూహెచ్‌వో కింది హద్దు కోటి 60 లక్షలు, అది కూడా ఒక గీతే తప్ప తీర్పు కాదు. కణం తయారై బయటికి రావడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది, కాబట్టి మూడు నెలలు ఆగి, టెస్టుకు ముందు రెండు నుంచి ఏడు రోజులు వీర్యం బయటికి పోకుండా ఉండి, మంచి ల్యాబ్‌లో రిపీట్ చేయించండి. ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, టెస్టోస్టిరాన్ హార్మోన్ల రక్తపరీక్షలు కూడా చేయించి, మగవాళ్ల సంతాన సమస్యలు చూసే యాండ్రాలజిస్టునో యూరాలజిస్టునో కలవండి. వెరికోసీల్ (వృషణాల దగ్గర సిరలు ఉబ్బడం) ఉందో లేదో చేత్తో పరీక్షించాలి, ఉత్తరంలో కుదరదు.

నాలుగేళ్లలో మీ ఆవిడకెన్ని స్కానింగులు చేయించారో రాయలేదు. మీదిప్పుడే మొదటి టెస్టు అనుకుంటాను. ఇంత ఆలస్యం ఎందుకు చేశారండీ? డాక్టర్ దగ్గరికి ఇద్దరూ వెళ్లండి, ఆ ఇంజెక్షన్ ఖాళీ సీసా జేబులో పెట్టుకెళ్లండి, దాని మీద ఏం రాసుందో ఆయన చూడాలి.