బ్లైండ్ టేస్టింగ్‌లో మోండ్యూజ్‌ను సిరా అనుకోకుండా ఎలా పట్టుకోవాలి?

సీసా పేరు చూడకుండా రుచి, వాసనలతోనే వైన్‌ను గుర్తించే బ్లైండ్ టేస్టింగ్‌లో మోండ్యూజ్ వచ్చిన ప్రతిసారీ సిరా అని రాస్తున్నానన్నారు. అందులో వింతేం లేదు, ఎర్ర వైన్ చేసే ఈ రెండు ద్రాక్ష రకాలూ దగ్గరి చుట్టాలు. మన దగ్గర షిరాజ్ పేరుతో దొరికే సిరాకు తల్లిదండ్రులు డ్యురెజా, మోండ్యూజ్ బ్లాంష్ అని 1998లో డీఎన్ఏ పరీక్షల్లో తేలింది. ఆ బ్లాంష్ తెల్ల ద్రాక్ష. మీ గ్లాసులోకి వచ్చే నల్ల మోండ్యూజ్ దానికి తల్లో బిడ్డో అయి ఉంటుంది.

నేను ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో చదివేటప్పుడు మా టేస్టింగ్ గ్రూపులో సీసాకి మేజోడు తొడిగి ఈ రెండింటినీ పక్కపక్కనే పోసేవాళ్లు. మోండ్యూజ్ పండే సవ్వా ప్రాంతం అక్కడికి దగ్గరే. అప్పటి నుంచి నేను పాటించే పద్ధతి ఒకటే: మిరియాల వాసనను నమ్ముకుని పేరు చెప్పను. ఆ వాసన రొటండోన్ అనే పదార్థం వల్ల వస్తుంది. అది రెండింట్లోనూ ఉంటుంది, అసలు మిరియాల్లోనూ ఉంటుంది. పైగా ఆ వాసన అందరికీ తగలదు. 2008లో ఆస్ట్రేలియా పరిశోధకులు పరీక్షిస్తే ఐదుగురిలో ఒకరికి దాని వాసన దాదాపు తగల్లేదు. గ్రూపంతా మిరియాలు అంటుంటే మీకు ఏమీ రాకపోతే మీరూ ఆ బాపతే కావచ్చు, టెన్షన్ పడకండి.

నేను చూసేది నోట్లో బరువు. మోండ్యూజ్ రంగు చూస్తే చిక్కటి ఊదా, గట్టి వైన్ అనిపిస్తుంది. తాగితే మాత్రం పల్చగా పోతుంది, గొంతులో వేడి తగలదు. ఆల్కహాల్ చాలాసార్లు 11, 12 శాతం దగ్గరే ఉంటుంది మరి. ఆ వెంటనే పులుపు లాగుతుంది, చివర్లో నేరేడు పండు తిన్నట్టు నాలుక వగరుగా పట్టేస్తుంది. ఫ్రాన్స్‌లోనే రోన్ నది లోయ ఉత్తర భాగంలో పండే సిరా అయితే ఇంకాస్త నిండుగా, ఒంటికి పట్టినట్టుంటుంది. వాసనలో నల్ల ఆలివ్, పొగబెట్టిన మాంసం కూడా వస్తాయి. మోండ్యూజ్‌లో పుల్ల చెర్రీ, వయొలెట్ పూలు ముందుంటాయి. గమే అనే మరో ఎర్ర వైన్ ద్రాక్ష ఏమో అనిపిస్తే వగరు చూడండి, గమేలో అంత ఉండదు.

సాధన కోసం సవ్వాలోని ఆర్బాన్ ఊరి మోండ్యూజ్, ఉత్తర రోన్‌లోని క్రోజ్ ఎర్మిటాజ్ సిరా ఒకే ఏడాదివి కొని పక్కపక్కన పెట్టుకోండి. మరీ చల్లగా మాత్రం వద్దు, వగరు ఎక్కువై తేడా తెలియదు.

ఇక వైన్ పరీక్షలో అయితే, అనుమానం ఉన్నంతవరకు నేను సిరా అనే రాస్తాను. మోండ్యూజ్ అక్కడ ఇచ్చే అవకాశం చాలా తక్కువ.