చెల్లెకు, సోమవారం డాక్టర్ దగ్గరికి పోయే ముందు

చెల్లె,

ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్‌లో నీకు మైనస్ 2.8 వచ్చిందని చిన్నోడు ఫోన్‌లో చెప్పాడు. రాత్రంతా నిద్ర పట్టలేదు. అయినా ఎవరూ తరమకముందే నీ అంతట నువ్వే వెళ్లి స్కాన్ చేయించుకున్నావు చూడు, దానికి నా కడుపు నిండింది. నేనైతే మణికట్టు విరిగాకే వెళ్లాను.

మైనస్ 2.5కి దిగిందంటే ఎముకలు గుల్లబారినట్టే లెక్క. కాల్షియం, విటమిన్ డి ఎలాగూ రాస్తారు, వేసుకో. వాటితోనే అయిపోతుందనుకోకు.

ఎముకల అరుగుదల ఆపే అలెండ్రోనేట్ గోళీ వారానికొకటి రాస్తే పరగడుపున గ్లాసు నిండా మంచినీళ్లతో మింగాలి. అరగంట దాకా చాయ్ వద్దు, నడుం వాల్చొద్దు. నీకు ఛాతీలో మంట ఉంది కదా, ఆ మాట దాచకు. అది పడకపోతే ఏడాదికోసారి సెలైన్‌లా ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ ఉంది. దానికి ముందు కిడ్నీ పరీక్ష చేస్తారు. పన్ను పీకించుకునేది ఉంటే ఏ మందైనా మొదలుపెట్టకముందే పీకించుకో.

ఇక ఆరు నెలలకోసారి చేసే డెనోసుమాబ్ సూది. నాకు రాసింది అదే. రెండేళ్లు తారీఖు తప్పకుండా చేయించుకున్నాను. 2022 ఫిబ్రవరిలో మళ్లీ సూది పడాలి, అదే నెలలో మేడారం జాతర. అమ్మవార్లకు బెల్లం బంగారం తూకం వేయించి, జాతర అయ్యాక చూద్దాంలే అనుకున్నాను. జాతర అయ్యాక పెళ్లిళ్లు. తర్వాత ఎండలు. నొప్పేమీ లేదు కదా, ఇక సూదెందుకు అనిపించింది. డాక్టర్‌కు ఒక ఫోన్ కూడా చేయలేదు.

ఆ ఏడు సద్దుల బతుకమ్మ నాడు తంగేడు, గునుగు పేర్చి తాంబాళం ఎత్తబోయాను. వెన్నులో కటుక్కుమంది. పువ్వు చెదరకుండా తాంబాళం కింద పెట్టాను గానీ నేను మళ్లీ లేవలేకపోయాను. మూడు పూసలు కుంగాయన్నారు. ఆ సూది ఆపితే ఆగి ఉన్న అరుగుదల ఒక్కసారి తిరగబడుతుందట, పెరిగిన బలమంతా కరిగిపోతుందట. మానాలంటే దాని వెనకే ఇంకో మందు మొదలుపెట్టాలట. అడిగి ఉంటే ముందే తెలిసేది. అప్పటి నుంచి నా చీర కుచ్చిళ్లు నేలకు రాస్తున్నాయి. దండెం మీద బట్ట అందడం లేదు.

అందుకే నీ మీద కోప్పడుతున్నాను చెల్లె. నిరుడు బీపీ గోళీలు బాగైందని నీకు నువ్వే మానేశావు. ఈ మందుతో ఆ పని చేయకు. సోమవారం ఒక్కటి గట్టిగా అడుగు: ఈ మందు ఎన్నేళ్లు, ఆపాల్సి వస్తే దాని తర్వాత ఏమిటి? డాక్టర్ ఆ సూదే మంచిదంటే వద్దనకు. దానితో ఎముక బాగా గట్టిపడుతుంది. తారీఖు మాత్రం గోడ మీది క్యాలెండర్‌లో రాసి, చిన్నోడి ఫోన్‌లో కూడా పెట్టించు. మందు వాడుతుండగా తొడలోనో గజ్జలోనో కొత్తగా నొప్పి మొదలైతే నూనె రాసుకుంటూ కూర్చోకు, వెంటనే చూపించుకో.

రిపోర్టులు, పాత మందుల చిట్టీలు ఒక కవర్‌లో పెట్టుకుని తెచ్చుకో. నేను పొద్దున తొమ్మిదింటికే హన్మకొండ బస్టాండ్‌లో ఉంటాను, లోపలికి ఇద్దరం కలిసే పోదాం. పరకాల బస్సు పూర్తిగా ఆగాకే దిగు. పైలం.

నీ అక్క