నిరుడు ఏడ్చిన పిల్లాడే ఈ ఏడాది చెయ్యి చేసుకున్నాడు... మా వాడికి ఏమైంది డాక్టర్?

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్కారం. మాది గుంటూరు జిల్లాలో చిన్న ఊరు. మా అబ్బాయికి 19 ఏళ్లు. ఇంజినీరింగ్ సెకండియర్, హాస్టల్లో ఉంటాడు. చెల్లెలంటే ప్రాణం, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. నిరుడు చేరిన కొత్తలో సీనియర్లు ర్యాగింగ్ పేరుతో రాత్రుళ్లు గదికి పిలిచి గోడకుర్చీ వేయించారని, కొట్టారని ఫోన్‌లో వెక్కివెక్కి ఏడ్చాడు. కాలేజీలో చెబుదామంటే 'వద్దమ్మా, ఇంకా ఎక్కువ చేస్తారు' అని ఆపాడు. మొన్న దసరా సెలవులకు వచ్చినప్పుడు వాడి ఫోన్‌లో ఒక వీడియో చూశాను. ఫస్టియర్ పిల్లాణ్ని మధ్యలో నిలబెట్టి గుంజీలు తీయిస్తున్నారు. లెక్క తప్పితే మా వాడు ముందుకెళ్లి చెంప మీద కొట్టాడు. అందరూ నవ్వారు. ఒక్క కుర్రాడు మాత్రం ఓ మూల నేల చూస్తూ నిలబడ్డాడు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. అడిగితే 'మామూలేనమ్మా, మాకూ చేశారుగా, అందరూ చేస్తారు' అన్నాడు. మళ్లీ సంక్రాంతికి వస్తాడు. వాళ్ల నాన్నకు ఇంకా చెప్పలేదు. వాడికేమైనా మానసిక జబ్బా? మందులు వాడాలా? స్నేహాలు మంచివి కాక ఇలా తయారయ్యాడా? కాలేజీ మార్పించమంటారా?

- ఒక తల్లి

సలహా: అమ్మా, ముందు మీరు అడిగిన జబ్బు సంగతి. మీరు రాసినదాన్ని బట్టి మీ అబ్బాయికి మానసిక జబ్బు ఉందని నాకు అనిపించడం లేదు. చిన్నప్పటి నుంచీ మూగజీవాలను హింసించడం, దొంగతనాలు, పదేపదే కొట్లాటలు, ఎదుటివాళ్లు ఏడుస్తున్నా చలించకపోవడం లాంటివి ఉంటే వేరేగా ఆలోచించేవాణ్ని. మీ ఉత్తరంలో అలాంటివేవీ లేవు. కాబట్టి మందుల ఊసు ఇప్పుడు వద్దు. అయితే జబ్బు కాదన్నాను కదా అని తేలిక పడకండి. జబ్బయితే అతని చేతిలో లేదని సరిపెట్టుకోవచ్చు. ఇది అతని చేతిలో ఉన్న పని.

మరి ఇంట్లో అంత నెమ్మదస్తుడు అక్కడ చెయ్యి ఎలా ఎత్తాడు? అదే జూనియర్ మెస్ దగ్గర ఒంటరిగా ఎదురైతే మీ వాడు కొట్టేవాడు కాదేమో. 'తిన్నావా తమ్ముడూ' అని అడిగేవాడేమో కూడా. రాత్రి పూట గదిలో పది మంది ఉంటే లెక్క మారిపోతుంది. తప్పు పది మందికీ పంచుకున్నట్టు ఉంటుంది కాబట్టి ఎవరి వాటా వాళ్లకు చిన్నదిగా కనిపిస్తుంది. 'నేను కొట్టాను' అన్న మాట 'మా బ్యాచ్ ఇంట్రో తీసుకుంది'గా మారుతుంది. పైగా పందొమ్మిదేళ్ల వయసులో తోటివాళ్ల చూపుకు ఉండే బలం పెద్దయ్యాక ఉండదు. తొందరపాటును పట్టి ఆపే మెదడు ముందు భాగం పాతికేళ్ల దాకా పూర్తిగా ఎదగదు. పక్కన స్నేహితులు ఉన్నప్పుడు ఆ వయసు వాళ్లు ఒంటరిగా చేయని తెగింపులు చేస్తారని పరిశోధనల్లోనూ తేలింది.

ఇక 'మాకూ చేశారుగా' అన్న మాట. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది ఇదే. దెబ్బ తిన్నవాడికి నొప్పి తెలుసు కాబట్టి ఇంకొకరిని కొట్టడని మనం అనుకుంటాం. చాలాసార్లు జరిగేది అందుకు విరుద్ధం. 1959లో అమెరికాలో ఎలియట్ ఆరన్సన్, జడ్సన్ మిల్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. ఒక చర్చా బృందంలో చేరడానికి వచ్చిన కాలేజీ అమ్మాయిల్లో కొందరికి సిగ్గుతో చచ్చిపోయేంత ఇబ్బందికరమైన పరీక్ష పెట్టారు. కొందరికి తేలికది పెట్టారు, కొందరికి అసలు పెట్టలేదు. ఆ తర్వాత ఆ బృందం చర్చ వినిపించారు. అది కావాలనే చప్పగా, విసుగొచ్చేలా తయారు చేసిన చర్చ. తేలికగా చేరినవాళ్లకు అది విసుగ్గానే అనిపించింది. కష్టపడి చేరినవాళ్లకు మాత్రం బాగా నచ్చింది. అంత అవమానం ఓ పనికిమాలిన దాని కోసం పడ్డానని ఒప్పుకోవడం మనసుకు కష్టం. అందుకే దానికి విలువ కడుతుంది.

మీ అబ్బాయి లోపల జరిగిందీ ఇలాంటిదేనని నా అనుమానం. నిరుటి రాత్రుళ్లు తలచుకుంటే రెండే దారులు. 'నాకు అన్యాయం జరిగింది, నేను ఎదిరించలేకపోయాను' అనుకోవాలి. లేదా 'అది మామూలే, దానివల్లే భయం పోయింది, సీనియర్లతో బాండింగ్ పెరిగింది' అనుకోవాలి. మొదటిది మింగుడుపడదు. రెండోది నమ్మాలంటే దాన్ని తను కూడా కొనసాగించాలి. ఆ చెంపదెబ్బ వెనక నిరుడు మీకు ఫోన్ చేసి ఏడ్చిన పిల్లాడే ఉన్నాడు. ఇది అతను చేసినదాన్ని మాఫీ చేయడానికి చెప్పడం లేదు. ఎక్కడ పట్టుకుని మాట్లాడాలో మీకు తెలియడానికి చెబుతున్నాను.

నిరుటి కోపం తీరిపోయింది కాబట్టి ఇక ఊరుకుంటాడులే అని ఎవరైనా అంటే నమ్మకండి. కొడితే కోపం తగ్గుతుందన్నది అపోహ. 2002లో బ్రాడ్ బుష్‌మన్ అనే పరిశోధకుడు, తమను రెచ్చగొట్టిన మనిషిని తలచుకుంటూ పంచింగ్ బ్యాగును గుద్దినవాళ్లకు కోపం తగ్గకపోగా పెరిగిందని చూపించాడు. ఏమీ చేయకుండా కాసేపు ఊరికే కూర్చున్నవాళ్లే వాళ్లకంటే నయం.

మూల నిలబడి నేల చూస్తున్న కుర్రాడి గురించి కూడా రాశారు. ఆ కంగారులోనూ మీ కంట అతను పడ్డాడు. దానికి నేను మీకు దణ్ణం పెడుతున్నాను. ఎందుకంటే మెడికల్ కాలేజీ హాస్టల్లో నేనూ ఒకప్పుడు అలాంటి గదిలో ఉన్నాను. చెయ్యి చేసుకోలేదు, కానీ అందరితో పాటు నవ్వాను. నాకు నవ్వు రాలేదు. రానిది నా ఒక్కడికేనని అనుకున్నాను. చాలా ఏళ్ల తర్వాత బ్యాచ్ వాళ్లం కలిసినప్పుడు తెలిసింది, ఆ రాత్రి కనీసం మరో నలుగురు నాలాగే నవ్వారని.

ఇది ఒక్క మా గది సంగతి కాదు. అమెరికాలోని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో తాగుడు మీద డెబొరా ప్రెంటిస్, డేల్ మిల్లర్ చేసిన అధ్యయనం 1993లో వచ్చింది. క్యాంపస్‌లో తాగుడు తీరు నాకు కాస్త ఇబ్బందిగానే ఉంది, మిగతావాళ్లకు మాత్రం బాగానే ఉంది అని విద్యార్థులు అనుకుంటున్నట్టు అందులో తేలింది. ఎవరికి వారు తామొక్కరే వేరు అనుకుంటారు, నోరు మెదపరు. ఆ మౌనం చూసి పక్కవాడు 'అందరికీ ఇష్టమే' అనుకుంటాడు. మీ వాడు అన్న 'అందరూ చేస్తారు' ఇలాగే తయారవుతుంది.

దీనికి విరుగుడు కూడా ఉంది. 1960ల మొదట్లో యేల్ యూనివర్సిటీలో స్టాన్లీ మిల్‌గ్రామ్ చేసిన ప్రయోగాలు మీరు విని ఉండొచ్చు. పక్క గదిలోని మనిషి తప్పు జవాబు చెప్పినప్పుడల్లా కరెంటు షాక్ ఇవ్వమంటారు. నిజానికి అక్కడ షాక్ ఏమీ లేదు, ఆ సంగతి మీట నొక్కేవాళ్లకు తెలియదు. 40 మందిలో 26 మంది ఆఖరి మీట దాకా వెళ్లారు. అందరూ చెప్పుకునేది ఇంతవరకే. అదే ప్రయోగాన్ని ఆయన ఇంకో రకంగానూ చేశాడు. పక్కన కూర్చున్న ఇద్దరు 'మేం చేయం' అని మధ్యలో లేచిపోయారు. అప్పుడు చివరిదాకా వెళ్లినవాళ్లు 40 మందిలో నలుగురే. మిగతా 36 మంది ఉన్నట్టుండి మంచివాళ్లు అయిపోలేదు. ఆపొచ్చని వాళ్లకు అప్పుడు తెలిసింది, అంతే.

కాబట్టి స్నేహాలు మంచివి కావా అన్న ప్రశ్నకు నా జవాబు సగం అవును, సగం కాదు. ఆ పది మంది తల్లులూ ఇలాగే 'మా వాడు మంచివాడే, స్నేహాలే' అని రాయగలరు. కాలేజీ మార్చినా అక్కడా సీనియర్లుంటారు, ఇంకో బ్యాచ్ ఉంటుంది. మార్పించడం వద్దు.

ఇప్పుడేం చేయాలి? వాళ్ల నాన్నకు ఈ రోజే చెప్పండి. దాచిన కొద్దీ మీ ఇంట్లోనూ ఆ హాస్టల్ గది లాంటి మౌనమే పెరుగుతుంది. ఆయన కోపంతో చెయ్యి ఎత్తే మనిషైతే ముందే మాట తీసుకోండి. కొట్టి, కొట్టకూడదని నేర్పలేం. సంక్రాంతి దాకా ఆగకండి, ఆ ఫస్టియర్ పిల్లాడికి ఈ రాత్రి కూడా ఉంది. ఈ ఆదివారమే వెళ్లి మీ అబ్బాయిని బయటకు తీసుకెళ్లి కూర్చోబెట్టండి. 'ఎందుకు చేశావ్' అని మొదలుపెడితే సమర్థించుకుంటాడు. నిరుటి సంగతి ముందు అడగండి. ఏ గదిలో, ఎవరెవరు, ఎన్ని రాత్రుళ్లు, ఆ రోజు నీకు ఏమనిపించింది అని. చెప్పనివ్వండి, మధ్యలో అడ్డుపడకండి. ఆ తర్వాత 'ఆ అబ్బాయి ఇప్పుడు ఎవరికి ఫోన్ చేస్తున్నాడంటావ్?' అని ఒక్క మాట అడిగి ఊరుకోండి. ఏడిస్తే ఏడవనివ్వండి. ఏడవకపోయినా, మొండికేసినా, మాట దాటేసినా అక్కడితో వదలకండి.

ఇక చట్టం. ఇక్కడ మీకు కష్టమైన మాట చెప్పక తప్పదు. ర్యాగింగ్ నిషేధానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే చట్టం వచ్చింది. దాని ప్రకారం హేళన చేసి అవమానించినా ఆరు నెలల దాకా జైలు ఉంటుంది, చెయ్యి చేసుకుంటే శిక్ష ఇంకా పెరుగుతుంది. యూనివర్సిటీలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ యూజీసీ 2009లో తెచ్చిన నిబంధనల ప్రకారం కాలేజీ సస్పెండ్ చేయొచ్చు, తీసేయొచ్చు. ఎవరు చేశారో తేలకపోతే మొత్తం గుంపును శిక్షించే వీలూ ఉంది. అడ్మిషన్ కాగితాల్లో ర్యాగింగ్ చేయనని మీ వాడితో పాటు తల్లిదండ్రులుగా మీ చేత కూడా అఫిడవిట్ తీసుకునేది ఇందుకే. ఆ వీడియో తీసేయమని మాత్రం చెప్పకండి. ఒక వకీలుతో మాట్లాడి, మీ అబ్బాయి తనంతట తానే కాలేజీ యాంటీ ర్యాగింగ్ కమిటీ ముందు జరిగింది చెప్పుకునేలా చూడండి. శిక్ష తప్పుతుందని నేను హామీ ఇవ్వలేను. ఒక సెమిస్టర్ పోవచ్చు. ఒక తల్లికి ఈ మాట రాయడం నాకు తేలిక కాదు. కానీ ర్యాగింగ్ భరించలేక చదువు మానేసిన పిల్లలు నా ముందు కూర్చున్నారు. నిద్ర పట్టనివాళ్లు, తలుపు చప్పుడుకే ఉలిక్కిపడేవాళ్లు, చచ్చిపోవాలనుందని చెప్పినవాళ్లు కూడా ఉన్నారు. ఆ పిల్లాడికీ మీలాంటి అమ్మ ఉంటుంది.

క్షమాపణ సంగతి తొందరపడొద్దు. పది మంది చూస్తుండగా చెప్పే సారీ ఆ పిల్లాడికి మరో నిలబెట్టడం అవుతుంది. అతను వినడానికి ఇష్టపడితేనే, ఒక లెక్చరర్ సమక్షంలో చెప్పాలి. ఇష్టపడకపోతే దూరంగా ఉండటమే మర్యాద.

మీ అబ్బాయిని ఒకసారి సైకియాట్రిస్ట్‌కో, క్లినికల్ సైకాలజిస్ట్‌కో చూపించమని కూడా చెబుతాను. జబ్బుందని కాదు, నిరుడు తను పడినది ఇంకా లోపలే ఉండిపోయింది కాబట్టి. నిద్రలో ఉలిక్కిపడుతున్నాడా, మందు గానీ గంజాయి గానీ అలవాటైందా, చదువు తగ్గిందా, చెల్లెలితో మునుపటిలా ఉంటున్నాడా చూడండి. వీటిలో ఏదున్నా ఆలస్యం వద్దు. దగ్గర్లో డాక్టర్ లేకపోతే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ర్యాగింగ్ మీద ఫిర్యాదుకైతే 1800-180-5522, ఏ వేళలోనైనా తీస్తారు. ఈ నంబరు ఆ ఫస్టియర్ పిల్లాడి తల్లిదండ్రులకూ తెలిసి ఉండాలి.

ఆదివారం మాట్లాడి తిరిగి వచ్చేముందు, వీడియోలో ఆ మూల నిలబడ్డ అబ్బాయి పేరేమిటో మీ వాణ్ని అడగండి. ఇద్దరూ కలిసి వెళ్లి కమిటీతో మాట్లాడితే మీ వాడికి ధైర్యం, అతనికీ ధైర్యం.

- మానసిక వైద్య నిపుణుడు