పొగిడినవారూ తప్పుపట్టినవారూ చూసింది ఒకే సినిమానా?

ప్రశ్న: ఈమధ్య ఇంటిల్లిపాదీ కూర్చుని ‘పద్మావత్’ చూశాం. డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి చివరి ఘట్టం మధ్యలోనే లేచి లోపలికి వెళ్లిపోయింది. మా వారికి మాత్రం సినిమా మొత్తంలో ఆ ఘట్టమే నచ్చింది. విడుదలైనప్పుడు వచ్చిన సమీక్షలు వెతికి చదివితే వాటిలోనూ ఇదే తేడా కనిపించింది. ఎవరి మాట నమ్మాలి? అదీకాక, మన ఓరుగల్లు కోటను కూల్చింది ఈ ఖిల్జీయే కదా, అతణ్ని క్రూరుడిగా చూపితే విమర్శకులకు అభ్యంతరం దేనికి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. అందులో ఒక పొరపాటు దొర్లింది, అది మన ఊరి చరిత్రకు సంబంధించినది కాబట్టి ముందు దాన్ని సరిచేయాలి. అల్లాఉద్దీన్ ఖిల్జీ స్వయంగా చిత్తోడ్ కోటను ముట్టడించిన 1303లోనే ఓరుగల్లు మీదికి అతడు పంపిన మరో సైన్యం ఓడి వెనుదిరిగింది. ఆ తరువాత అతని సేనాని మాలిక్ కాఫర్ 1310లో మన కోట ముందు దిగినప్పుడు ప్రతాపరుద్రుడు అపార ధనం ఇచ్చి, ఏటేటా కప్పం కట్టడానికి ఒప్పుకుని సంధి చేసుకున్నాడే తప్ప రాజ్యం పోలేదు. కాకతీయ రాజ్యం కూలింది 1323లో, తుగ్లక్ వంశపు ఉలుగ్ ఖాన్ చేతిలో. ఖిల్జీ అప్పటికి చనిపోయి ఏడేళ్లు. కీర్తి తోరణాల నడుమ స్వయంభూ ఆలయం శిథిలాలను చూసినప్పుడు మనకు కలిగే బాధ నిజమైనదే, అయితే దాన్ని ఎవరి పద్దులో రాయాలో తెలిసి రాయడం మంచిది.

ఇక విమర్శకుల అభ్యంతరం. ఖిల్జీ మంచివాడని వారెవరూ వాదించలేదు. పినతండ్రి అయిన జలాలుద్దీన్‌ను చంపించి సింహాసనం ఎక్కినవాడు, యుద్ధాల్లో కనికరం లేనివాడు. అదే మనిషి ఢిల్లీ బజారులో ధాన్యం మొదలుకొని గుర్రాల దాకా ధరలు కట్టడి చేశాడు, మంగోలుల దండయాత్రలను తిప్పికొట్టాడు. సినిమా మొదట్లో మంగోలులతో ఒక పోరు చూపించారు గానీ పాలకుడన్నవాడు ఎక్కడా కనబడడు. జుట్టు విరబోసుకుని, నల్లటి బట్టల్లో, చీకటి గదుల్లో మాంసం పీక్కుతినే వ్యక్తి ఒకవైపు, వెలుగులో నిలబడి మాట తప్పని రాజపుత్ర రాజు మరొకవైపు. మతాన్ని బట్టి మనుషులను వెలుగు చీకట్లుగా విడదీసినట్టుందని పలువురు సమీక్షకులు రాశారు. ఆ మాటలో న్యాయం ఉందని నేను నమ్ముతాను. విచిత్రమేమిటంటే వారిలో చాలామంది అదే సమీక్షలో ఖిల్జీగా వేసిన రణ్‌వీర్ సింగ్ నటనను ఆకాశానికెత్తారు. అతడు తెరపై ఉన్నంతసేపూ కళ్లు తిప్పుకోలేమన్నది నిజం. దుర్మార్గుడి పాత్రలో ఉన్నంత ప్రాణం చిత్తోడ్ రాజు రావల్ రతన్ సింగ్ పాత్రలో లేకపోవడం వల్ల షాహిద్ కపూర్‌కు మిగిలింది తక్కువ. నిడివి ఎక్కువైందన్న ఫిర్యాదూ వచ్చింది, 163 నిమిషాల సినిమాకు అది సహజమే.

సమీక్షలు నిజంగా చీలిపోయింది మీ అమ్మాయి లేచి వెళ్లిపోయిన చోటే. ఆ ఘట్టాన్ని ఒకసారి గుర్తు తెచ్చుకోండి. కోటలోకి చొరబడిన ఖిల్జీ మీదికి స్త్రీలు నిప్పుకణికలు విసురుతుంటారు, ఎర్రటి చీరల వరుస నెమ్మదిగా మంటల వైపు నడుస్తుంటుంది, ఆ వరుసలో ఒక నిండు గర్భిణి, ఒక చిన్న పిల్ల. సంగీతం పైపైకి లేస్తుంది, రతన్ సింగ్ రాణి పద్మావతి ముఖంలో భయమన్నది కనబడదు. సతిని గానీ అలాంటి ఆచారాన్ని గానీ సమర్థించడం లేదని సినిమా మొదట్లోనే ప్రకటన వేశారు. కానీ ప్రేక్షకుడి మనసు నమ్మేది అక్షరాలను కాదు, కెమెరా ఎవరిని ఎంత అందంగా చూపిందో దాన్ని. శత్రువు చేతికి చిక్కడం కంటే చావే గౌరవమని ఇంత మనోహరంగా చూపితే, అత్యాచారానికి గురై బతికి ఉన్న స్త్రీకి మనం ఏం చెబుతున్నట్టు అని నటి స్వరా భాస్కర్ దర్శకుడు సంజయ్ లీలా భన్సాలీకి బహిరంగ లేఖ రాశారు. పద్నాలుగో శతాబ్దపు నమ్మకాలను నేటి కొలతలతో కొలవరాదని ఎదురువాదం వచ్చింది. నేను లేఖ రాసిన వైపే ఉంటాను. ఆ నమ్మకాలను చూపవద్దని ఎవరూ అనలేదు. గర్భిణి కూడా మంటల వైపు నడుస్తుంటే మనకు గుండె కలుక్కుమనాలి గానీ చప్పట్లు కొట్టాలనిపించకూడదు. మీ అమ్మాయికి గుండె కలుక్కుమన్నట్టుంది. మీ వారికి నచ్చింది ఆ దృశ్యం తీసిన తీరే అయితే దాన్నీ నేను తప్పుపట్టను, ఎందుకంటే సుదీప్ ఛటర్జీ ఛాయాగ్రహణం అంత గొప్పది. ఇద్దరూ ఒకే దృశ్యంలో రెండు వేర్వేరు సంగతులు చూశారు, సమీక్షకులూ అంతే. కాబట్టి ఎన్ని స్టార్లు ఇచ్చారన్నది వదిలేసి, ఎవరు దేన్ని గురించి మాట్లాడుతున్నారో చూసి చదవండి.

ఆ సినిమాకు మరో దురదృష్టం కూడా పట్టింది. 2017 జనవరిలో జైపూర్‌లో చిత్రీకరణ జరుగుతుండగానే రాజపుత్రుల సంస్థ అయిన కర్ణి సేన వారు దాడి చేశారు. డిసెంబరు 1న రావలసిన సినిమా వాయిదా పడింది, పేరు ‘పద్మావతి’ నుంచి ‘పద్మావత్’ అయింది. నాలుగు రాష్ట్రాల నిషేధం మీద సుప్రీంకోర్టు స్టే ఇచ్చాక 2018 జనవరి 25న విడుదలైంది. చూడకముందే తిట్టినవారి మధ్య, చూసి విమర్శించినవారి గొంతు సరిగా వినబడలేదు. నిషేధం కోరినవారూ లోపం ఎత్తిచూపినవారూ ఒకే గాటన కట్టబడ్డారు. అది నాకు ఇప్పటికీ బాధ కలిగించే సంగతి.

ప్రశ్న: జాతీయ అవార్డులు పొందిన చిత్రాన్ని ఇంకా తప్పుపట్టడం సబబేనా?
– ఒక పాఠకుడు, జనగామ

జవాబు: 66వ జాతీయ అవార్డుల్లో ఆ చిత్రానికి దక్కినవి ఏమిటో చూడండి: పాటల సంగీతానికి భన్సాలీకి, ‘ఘూమర్’ నృత్యానికి, ‘బింతే దిల్’ పాడిన అరిజిత్ సింగ్‌కు. మూడూ అర్హమైనవే, మూడూ పాటలకు సంబంధించినవే. కథకు వచ్చింది లేదు.

‘బింతే దిల్’ను తెరపై పాడేది మాలిక్ కాఫర్ పాత్ర. జిమ్ సర్భ్ చక్కగా నటించారు గానీ పాత్ర మాత్రం యజమాని మీద మోజుపడిన బానిసగా మిగిలిపోయింది. ఆ మోజును కూడా దుర్మార్గానికి గుర్తుగానే వాడుకున్నారని కొందరు విమర్శకులు నొచ్చుకున్నారు. ఓరుగల్లు వారికి ఇంకో వెలితి తోస్తుంది. ఖిల్జీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో తన ‘ఖజాయిన్-ఉల్-ఫుతూహ్’ గ్రంథంలో చెప్పిన కాఫర్ వేరు. దక్కన్‌లోకి వందల మైళ్లు సైన్యాన్ని నడిపించి, హనుమకొండ గుట్ట దగ్గర దిగి, మన మట్టికోటను నెలకు పైగా ముట్టడించిన సేనాని అతడు. ఆ మట్టిగోడను తాకిన రాతిగుండు పిల్లలాడుకునే కాయలా ఎగిరి వెనక్కి పడేదని ఖుస్రో రాశాడు. శత్రువుల ఆస్థాన కవి మన గోడ గురించి రాసిన మాట అది.