పోస్టులో వచ్చిన పత్రికను నెట్‌లో పెట్టవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. అమెరికాలో ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పాత పత్రాలను స్కాన్ చేసే విభాగంలో పనిచేస్తున్నాను. ఈమధ్య ఒక కుటుంబం మాకు అప్పగించిన అట్టపెట్టెలో 1960, 70 దశకాల్లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు రహస్యంగా నడుపుకున్న చిన్న పత్రికలు, వాటి మధ్య కొన్ని విడి ఫొటోలు దొరికాయి. ఒక ఫొటోలో వంటగది కిటికీ పక్కన ముత్యాల దండ వేసుకుని ఒకరు నిలబడి ఉన్నారు. వెనకవైపు పెన్సిల్‌తో ఒక ఇంటిపేరు, ఊరి పేరు రాసి ఉన్నాయి. అన్నిటినీ స్కాన్ చేసి నెట్‌లో అందరికీ అందుబాటులో ఉంచాలని, దాచిపెడితే ఆ చరిత్రను మనమే మళ్లీ చీకట్లోకి నెట్టినట్టవుతుందని మా వాళ్లంటున్నారు. ఆ ఫొటో చూసినప్పటి నుంచి నాకు మనసు ఒప్పడం లేదు. ఇది నా పిరికితనమా?

– ఒక పాఠకురాలు, అమెరికా

జవాబు: కాదమ్మా, పిరికితనం కాదు. అలాగని మీ సహోద్యోగుల మాటనూ కొట్టిపారేయలేము. ఆ కాగితాలను భద్రపరచడం ఒక పని, వాటిని లోకానికంతటికీ చూపించడం మరొక పని. మొదటిది తప్పక చేయాలి, ఆలస్యం చేయకుండా చేయాలి. రెండో దానికి మాత్రం ఆ పుటల్లో ఉన్నవారి సమ్మతి కావాలి. వారు ఎంత మేరకు సమ్మతించారో తెలుసుకోవాలంటే ఆ పత్రికలు ఎలా నడిచాయో చూడాలి.

వర్జీనియా ప్రిన్స్ 1960లో లాస్ ఏంజెలెస్‌లో, ఆడవారి దుస్తులు వేసుకునే మగవారి కోసం ‘ట్రాన్స్‌వెస్టియా’ అనే పత్రికను ప్రారంభించినప్పుడు పెట్టుబడి ఇచ్చినవారు ఇరవై అయిదు మంది. తలా నాలుగు డాలర్లు వేసుకుంటే వంద డాలర్లయ్యాయి. ఆ ఇరవై అయిదు మందిని కూడగట్టడమే అప్పట్లో పెద్ద పని. మగవారిగా నమోదైనవారు ఆడవారి దుస్తుల్లో వీధిలోకి వస్తే పోలీసులు పట్టుకునే నిబంధనలు అనేక అమెరికా నగరాల్లో ఉండేవి. ప్రిన్స్ తన వంటి మరొకరికి రాసిన సొంత ఉత్తరాలే తపాలా శాఖ చేతికి చిక్కి, అశ్లీల రాతలను పోస్టులో పంపారనే అభియోగం మీద 1961లో ఆమె ఫెడరల్ కోర్టు మెట్లెక్కవలసి వచ్చింది. చివరికి తక్కువ నేరం ఒప్పుకొని ఐదేళ్ల ప్రొబేషన్‌తో బయటపడ్డారు. చందాదారులు ఒకరితో ఒకరు పరిచయం చేసుకోవడానికి ఇచ్చే చిన్న ప్రకటనల్లో చిరునామాకు బదులు సంకేత సంఖ్య ఉండడానికి, ఉత్తరం పత్రికవారి చేతుల మీదుగా వెళ్లడానికి ఈ భయమే కారణం.

ఆ జాగ్రత్తలను ఆనాటి ముచ్చటగా మాత్రమే చూడకూడదని నా అభిప్రాయం. సంకేత సంఖ్య, మారుపేరు, మూసిన కవరు, ఇవే వారు పెట్టిన షరతులు. ‘నా ఫొటో వేయండి, అయితే ఈ కొద్దిమందే చూడాలి’ అని విడిగా కాగితం మీద రాసివ్వకపోయినా, పత్రిక చేతులు మారిన పద్ధతిలోనే ఆ మాట ఉంది. మీ ఫొటో సంగతి ఇంకా సున్నితమైనది. అది అచ్చుకే ఇచ్చారో, ఒక స్నేహితురాలికి మాత్రమే పంపారో మీకు తెలియదు. స్కాన్ చేసిన పుటలోని అక్షరాలను యంత్రం గుర్తుపట్టిన మరుక్షణం, పెన్సిల్‌తో రాసిన వాటిని మీరు వివరాల పట్టికలో టైపు చేసిన మరుక్షణం, ఆ ఇంటిపేరు వెతుకులాటలో ఎవరికైనా దొరుకుతుంది. 1965లో పాతికేళ్లున్న మనిషికి ఇప్పుడు ఎనభై దాటి ఉంటాయి. బతికే ఉండవచ్చు, మనవల దగ్గరే ఉంటూ ఉండవచ్చు.

ఇలాంటి తగాదా ఇంతకుముందు వచ్చిందే. ‘ఆన్ అవర్ బ్యాక్స్’ 1984లో మొదలైన స్త్రీ స్వలింగప్రియుల శృంగార పత్రిక. ‘రివీల్ డిజిటల్’ సంస్థ దాని పాత సంచికలను స్కాన్ చేసి నెట్‌లో ఉంచింది. కాపీరైటు విషయంలో అనుమతి ఉంది కదా అని నిర్వాహకులు నిశ్చింతగా ఉన్నారు. లైబ్రేరియన్ టారా రాబర్ట్‌సన్ మాత్రం ఆనాడు ఫొటోలు దిగిన స్త్రీలతో మాట్లాడి, తక్కువ ప్రతులు అచ్చయ్యే కాగితపు పత్రికకు ఒప్పుకున్నవారు ఇంటర్నెట్‌కు ఒప్పుకున్నట్టు కాదని గట్టిగా వాదించారు. 2016లో ఆ సంచికలను తొలగించారు. హక్కుదారు అనుమతి వేరు, బొమ్మలోని మనిషి అనుమతి వేరు. మీ విభాగంలో చర్చ జరిగినప్పుడు ఈ ఒక్క మాట మీద నిలబడండి.

అందరూ మరుగునే కోరుకున్నారని కూడా అనుకోవద్దు. శాన్‌ఫ్రాన్సిస్కోలో లూ సల్లివన్ అనే ట్రాన్స్ పురుషుడు 1991లో ఎయిడ్స్‌తో కన్నుమూసేలోపు, చిన్ననాటి నుంచి తాను రాసుకున్న డైరీలు తన తర్వాతివారు చదవాలని కోరుకున్నారు. ఆయన పత్రాలు స్వలింగప్రియుల, ట్రాన్స్ వ్యక్తుల చరిత్రను భద్రపరిచే అక్కడి జీఎల్‌బీటీ హిస్టారికల్ సొసైటీలో ఉన్నాయి. అటువంటి మనిషిని రక్షణ పేరుతో అల్మారాలో పెట్టి తాళం వేస్తే అదీ అన్యాయమే. న్యూయార్క్ రాష్ట్రపు కొండల్లో, ఇలాంటివారు ఆడవేషంలో నిర్భయంగా గడిపిన ‘కాసా సుసానా’ విడిదిలో తీసుకున్న ఫొటోలు ఏళ్ల తర్వాత మన్‌హాటన్‌లో పాత సామాన్ల సంతలో బయటపడి 2005లో పుస్తకంగా వచ్చాయి. అచ్చు వేసేటప్పుడు అందులో ఉన్నవారిని అడిగే దారి లేకపోయింది. తర్వాత ఆ విడిదికి వెళ్లినవారిలో కొందరు తామే ముందుకు వచ్చి, 2022 నాటి డాక్యుమెంటరీలో తమ కథ చెప్పుకున్నారు. అలా చెప్పుకునే అవకాశం మీ ఫొటోలోని మనిషికీ మిగలాలి.

జాబితా ఎంత ప్రమాదమో తెలంగాణవారికి వేరే చెప్పనక్కరలేదు. నిజాం కాలంలో, 1329 ఫసలీలో, అంటే 1919 ప్రాంతంలో వచ్చిన చట్టం కింద హైదరాబాదులో అనుమానితులైన హిజ్రాల పేర్లు, నివాసాలు రిజిస్టరుకెక్కించేవారు. ఆడవేషంలో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకోవచ్చు. ఆ చట్టం రాజ్యాంగ విరుద్ధమని తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టివేసేదాకా పుస్తకాల్లో బతికే ఉంది. పేర్లూ ఊళ్లూ వరసగా ఉన్న కాగితం ఎంత మంచి ఉద్దేశంతో తయారైనా, ఎవరి చేతికి చిక్కితే వారి అవసరానికి పనికొస్తుంది.

ఇక మీరు చేయవలసినది. అన్నిటినీ మంచి నాణ్యతతో స్కాన్ చేయండి, మూలప్రతులను ఆమ్లరహిత కవర్లలో పెట్టండి. సంపాదకీయాలు, వ్యాసాలు, న్యాయ సలహాలు, దుస్తుల కొలతల శీర్షికలు నిరభ్యంతరంగా నెట్‌లో ఉంచవచ్చు. పరిచయ ప్రకటనలను, వ్యక్తుల ఫొటోలను గ్రంథాలయంలో కూర్చుని చూసేవారికే పరిమితం చేయండి. ఫొటో వెనుక ఉన్న ఇంటిపేరును పట్టికలోకి ఎక్కించకండి. అభ్యంతరం చెప్పదలచినవారికి ఒక ఈమెయిలు చిరునామా పైనే కనిపించేలా ఇచ్చి, ఉత్తరం వస్తే ముందు తొలగించి తర్వాత విచారించండి. అన్నిటికన్నా ముందు, మీ ఊళ్లోని పెద్దవయసు ట్రాన్స్ వ్యక్తులను పిలిచి ఆ పెట్టె వారి ముందు తెరవండి. ఏ పుట ఎవరిని ఇబ్బంది పెడుతుందో మనకన్నా వారికే బాగా తెలుసు.

ప్రశ్న: పాత పత్రికలో ఒక ట్రాన్స్ మహిళ రాసిన వ్యాసాన్ని నా పరిశోధనలో ఉదహరిస్తున్నాను. ఆమె పుట్టుపేరు ఒక కోర్టు కాగితంలో దొరికింది. రెండు పేర్లూ ఇవ్వాలా?

– పరిశోధక విద్యార్థి, వరంగల్

జవాబు: వ్యాసం కింద ఆమె ఏ పేరు వేసుకున్నారో ఆ పేరే ఇవ్వండి. కోర్టు కాగితంలోని పుట్టుపేరు మీ వాదనకు ఏమీ కలపదు. మీ నోట్సులో రాసుకుని ఉంటే అక్కడ కూడా కొట్టేయండి, ఎందుకంటే రేపు మీ నోట్సు కూడా ఏదో ఒక గ్రంథాలయానికి చేరవచ్చు.